ట్రామా థెరపీకి ఏడాదిన్నర వెళ్లాక నా అనుభవం

మాది విజయవాడ సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చేసింది. అమ్మ, నేను, మా పాప మూడు రాత్రులు పైవాళ్ల డాబా మీదే ఉన్నాం. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కున్నాం, రంగులు వేయించాం, అంతా అయిపోయిందనుకున్నాం. కానీ పైన ట్యాంకు నిండి నీళ్లు పొర్లే చప్పుడు వినిపిస్తే చాలు, గుండె దడ, అరచేతుల్లో చెమట, నాకు తెలియకుండానే మెట్ల దగ్గరికి పరిగెత్తేదాన్ని. వరద పోయిందని నాకు తెలుసు, నా ఒంటికి తెలియలేదు.

ఇలా ఒంట్లో మిగిలిపోయిన భయానికి చేసే చికిత్సే ట్రామా థెరపీ. దానికోసం మొదట వెళ్లిన చోట రెండో సిట్టింగ్‌లోనే కళ్లు మూసుకుని జరిగిందంతా చెప్పమన్నారు. చెప్పాను. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగలేకపోయాను, ఇక అక్కడికి వెళ్లలేదు.

ఇప్పుడు చూపించుకుంటున్న మేడమ్ మొదటిరోజు అడిగింది ఒకటే, "ఎక్కడ కూర్చుంటే మీకు బాగుంటుందమ్మా?" అని. తలుపు కనపడే కుర్చీలో కూర్చున్నాను. దాదాపు రెండు నెలలు ఆవిడ వరద మాటే ఎత్తలేదు. దడ మొదలైతే కళ్లు తెరిచే ఉంచి, తల నెమ్మదిగా తిప్పి గదంతా చూడమనేది, పాదాలు నేలకి ఆనించమనేది. నాలుగు లెక్కపెట్టేలోపు గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం నేర్పింది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం పని పెరిగి గుండె వేగం కాస్త తగ్గుతుందట, అందుకే వదిలేది పొడవుగా ఉండాలి.

ముఖం మీద చన్నీళ్లు చల్లుకోవడం చాలామందికి పనిచేస్తుంది గానీ నాకు పడలేదు, నీళ్లంటేనే కదా నా భయం. ఆ మాట చెప్పగానే ఆవిడ ఇంకోసారి బలవంతపెట్టలేదు, బదులుగా ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు గ్లాసు ఖాళీదే రెండు చేతులతో పట్టుకోమంది. అది మాత్రం బాగా పనిచేసింది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: కొన్నిరోజులు దడ ఉండదు, ఒళ్లంతా మొద్దుబారిపోతుంది, ఎవరు పిలిచినా ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. అలాంటప్పుడు నెమ్మదిగా ఊపిరి తీస్తూ కూర్చుంటే నేనింకా మునిగిపోయేదాన్ని. లేచి గోడని రెండు చేతులతో గట్టిగా నెట్టడం, వరండాలో నడవడం, అవే నన్ను వెనక్కి తెచ్చేవి.

ఇంటర్నెట్‌లో అందరూ పాలీవేగల్ థియరీ అంటుంటారు, అంటే మన భయం, నెమ్మది ఆ వేగస్ నరం మీదే ఆధారపడతాయనే సిద్ధాంతం. అమెరికా సైకాలజిస్టు స్టీఫెన్ పోర్జెస్ 1994లో చెప్పిన ఆ సిద్ధాంతంలో కొన్ని విషయాలను శాస్త్రవేత్తలే ఒప్పుకోవడం లేదు, ఆ గొడవ తేలేదాకా ఊపిరి సాధన ఆపక్కర్లేదని నా అభిప్రాయం. కాకపోతే దడ వచ్చినప్పుడే మొదలుపెడితే పనిచేయదు, బాగున్న రోజుల్లో కూడా రోజూ చేయాలి. నాకైతే మూడు నెలలు తేడాయే తెలియలేదు, ఫీజు దండగేమో అని చాలాసార్లు అనుకున్నాను. ఒళ్లు కుదుటపడ్డాకే డాబా మీది రాత్రుల గురించి మాట్లాడగలిగాను, అప్పుడు కూడా కొంచెం చెప్పడం, ఆగి గది చూడడం, మళ్లీ కొంచెం చెప్పడం.

పోయిన వారం ట్యాంకు పొర్లింది. దడ వచ్చింది, పాదాలు నేలకి ఆనించి నిలబడ్డాను, తర్వాత నేనే వెళ్లి మోటారు కట్టేశాను. ఇదివరకు ఆ పని మా పాప చేసేది.

ఫీజు కట్టుకోలేని వాళ్లు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు.