కర్నూలు డిగ్రీ కాలేజీల వాళ్లూ, ఈ ఫీల్డ్ ట్రిప్ ఆయనతో జాగ్రత్త!

కర్నూలు, నంద్యాల చుట్టుపక్కల జువాలజీ, బోటనీ చదివేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పర్మిషన్లు, బస్సు, భోజనాలు, గైడు అన్నీ నేనే చూసుకుంటానని పాంప్లెట్లు పట్టుకుని కాలేజీలన్నీ తిరుగుతాడే, ఆయన గురించే. పేరు రాయక్కర్లేదు, మీ సీనియర్లను అడిగితే చెప్తారు. నిన్న రాత్రే తిరిగొచ్చాం, ఒళ్లు ఇంకా మండిపోతోంది.

మనిషికి 2,600 కట్టాం. మొదటి రోజు రోళ్లపాడు అభయారణ్యం, రెండో రోజు కడప జిల్లాలోని లంకమల అభయారణ్యం. రోళ్లపాడుకు తెల్లవారేసరికి చేరుస్తానన్నవాడు మిట్టమధ్యాహ్నం దింపాడు. గడ్డి మైదానాల్లో పక్షుల్ని పొద్దున్నో సాయంత్రమో చూడాలి గానీ ఆ ఎండలో ఏం కనబడతాయి? దూరంగా కృష్ణజింకలు కనబడ్డాయి, అంతలోనే హారన్ కొట్టి బస్సెక్కమన్నాడు. లంకమల ఉంది కదా అని అందరం ఊరుకున్నాం.

అసలు మేం డబ్బు కట్టిందే లంకమల కోసం. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికింది మన కడప జిల్లాలోనే, ఈ లంకమల ప్రాంతంలోనే. దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అది రాత్రిపూట తిరిగే పక్షి, మాకు కనబడుతుందని ఎవరమూ ఆశపడలేదు. అది బతికే ముళ్లపొదల అడవి ఎట్లుంటుందో, పొదకూ పొదకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో, మట్టిని మెత్తగా చదును చేసి దానిమీద పడిన అడుగుల్ని పొద్దున్నే ఎట్లా గుర్తుపడతారో దగ్గరుండి చూడాలని మా మేడమ్ ముందునుంచీ క్లాసులో చెప్పి మమ్మల్ని తయారు చేశారు.

చెక్‌పోస్టు దగ్గర ఆపారు. లెటర్ చూపించమంటే ఈయన ఫైల్లోంచి ఒక జిరాక్స్ తీసి ఇచ్చాడు. ఫారెస్టు ఆఫీసర్ దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి మా మేడమ్ చేతిలో పెట్టారు. మా కాలేజీ పేరున్న చోట వైట్‌నర్! దాని కింద ఇంకో కాలేజీ పేరు లీలగా కనబడుతోంది, తేదీ చూస్తే పోయినేడాదిది. మేడమ్ చేతులు వణికిపోయాయి. ఫోర్జరీ కాగితంతో అడవిలోకి వచ్చామని కేసు పెడితే ఆమె ఉద్యోగం ఏమయ్యేది? ఆ ఆఫీసర్ మంచివారు కాబట్టి మమ్మల్ని ఏమీ అనలేదు, సరైన లెటర్ తెచ్చుకుంటే లోపలికి పంపిస్తామన్నారు.

ఇదేంటని మేడమ్ అడిగితే ఆయన అన్న మాట ఇది, అందరం విన్నాం: "ఒక కోడి కోసం ఇంత రచ్చ చేస్తాండారేంది మేడమ్? గండికోట తీస్కపోతా, పిల్లోళ్లు ఫోటోలు దిగుతారు, సర్టిఫికెట్ నేనిస్తా, మార్కులు ఎట్లాగూ పడతాయి." మేడమ్ వయసులో ఆయన తల్లిలాంటివారు. ఆమె ముఖం మీద అంత మాట అనేసి బస్సెక్కి సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. గండికోటంటే మాకూ ఇష్టమే, కానీ జువాలజీ రికార్డులో గండికోట గురించి ఏం రాయాలి? మాలో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఆదోని మార్కెట్లో హమాలీ. ఆయన మూటలు మోసి సంపాదించిన డబ్బులవి. ఆ పిల్ల బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

సగం డబ్బు వెనక్కివ్వమంటే అదంతా డీజిల్‌కే అయిపోయిందన్నాడు. పొద్దున్నుంచీ ఫోన్ స్విచాఫ్. మేడమ్ ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చారు, మేం 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తున్నాం.

మీరు వెళ్లేటట్లయితే కాలేజీ లెటర్‌హెడ్ మీద అర్జీ రాసుకుని నేరుగా డీఎఫ్ఓ (అటవీ శాఖ అధికారి) ఆఫీసుకే వెళ్లండి, పర్మిషన్ కాగితం ఒరిజినల్ మీ లెక్చరర్ చేతిలో ఉండాలి. బస్సు వేరే ఎవరి దగ్గరైనా మాట్లాడుకోవచ్చు. ఇంతకుముందు ఈయన చేతిలో ఇట్లాగే మోసపోయినవాళ్లు రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు ఉంటే పంపండి, మా ఫిర్యాదుతో కలిపి పెడతాం.