‘లేబర్ కార్డు ప్యాకేజీ’కి డబ్బులు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

గుంటూరు మిర్చి యార్డులో మూటలు మోసే హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగు, లారీ బాడీ పనివాళ్లు, తాపీ మేస్త్రీలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. ఈ హెచ్చరిక ముఖ్యంగా వీళ్లకోసం, వీళ్ల ఇంట్లో ఫోను బాగా వాడటం వచ్చిన పిల్లలకోసం. ఈ-శ్రమ్ అంటే అసంఘటిత కార్మికుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్. ఆ నమోదుకు ఒక ప్లాస్టిక్ కార్డు జతచేసి, ‘లేబర్ కార్డు ప్యాకేజీ’ అని పేరుపెట్టి, ‘బీమా, పింఛను, ఉద్యోగం అన్నీ ఇందులోనే’ అని చెప్పి వందల్లో వసూలు చేసే సెంటర్లు ఉన్నాయి. ఈ-శ్రమ్ మొదలైంది 2021 ఆగస్టు 26న. ఆ రోజు నుంచీ నమోదు ఉచితమే. సొంతంగా చేసుకున్నా, సీఎస్‌సీలో (కామన్ సర్వీస్ సెంటర్‌లో) చేయించుకున్నా కార్మికుడు కట్టాల్సింది ఏమీ లేదు.

అమ్మేటప్పుడు చెప్పే మాటలు ఎక్కువగా ఇవే. ‘కార్డు తీసుకుంటే 2 లక్షల బీమా’ అంటారు. ప్రమాదంలో చనిపోతే ఈ-శ్రమ్ కింద 2 లక్షల సాయం అన్నది 2022 మార్చి 31 లోపు నమోదైనవాళ్లకు. ఇప్పుడు అలాంటి ప్రమాద బీమా కావాలంటే మీ బ్యాంకులోనే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీసుకోవచ్చు. ఏడాదికి 20 రూపాయలు, ఖాతాలోంచే కట్ అవుతుంది. ‘నెలకు 3000 పింఛను వస్తుంది’ అంటారు. ఆ పింఛను శ్రమయోగి మాన్‌ధన్ అనే వేరే పథకానిది. 18 నుంచి 40 ఏళ్ల మధ్య వయసులో చేరి, వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయల దాకా కడుతూ వస్తే 60 దాటాక వస్తుంది. కార్డు ఉన్నంత మాత్రాన రాదు. ‘రెన్యువల్ చేయించాలి’ అనేది శుద్ధ అబద్ధం, ఆ నంబరు జీవితాంతం ఉంటుంది. ఇంకొకటి: ఈ-శ్రమ్ నంబరునూ యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) అంటారు, పీఎఫ్ నంబరునూ యూఏఎన్ అంటారు, రెండూ 12 అంకెలే. ఇది చూపించి ‘మీకు పీఎఫ్ ఖాతా తెరిచాం’ అంటే నమ్మకండి. పీఎఫ్ గానీ ఈఎస్ఐ గానీ ఉన్నవాళ్లకు అసలు ఈ-శ్రమ్ వర్తించదు.

పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు నష్టం మొబైల్ నంబరు దగ్గర జరుగుతుంది. ఆధార్‌కు ఫోను లింకు లేనివాళ్లకు వేలిముద్రతో నమోదు చేస్తారు. ఆ సమయంలో ఫారంలో మొబైల్ అడిగినచోట సెంటర్‌వాళ్లు తమ దగ్గరున్న ఏదో ఒక నంబరు వేసేస్తే, ఆ తర్వాత ఈ-శ్రమ్ ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి. చిరునామా మార్చాలన్నా, పని మార్చాలన్నా మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి, ప్రతిసారీ డబ్బులివ్వాలి. అందుకే ముందు ఆధార్‌కు మీ సొంత నంబరు లింకు చేయించుకోండి. ఆధార్ కేంద్రంలో చేస్తారు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు సేవలిచ్చే పోస్టుమ్యాన్ కూడా చేస్తారు. రుసుముకు రసీదు అడగండి.

ఎవరూ పట్టించుకోనిది, మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటుంది: ఫారంలో ఏం పని చేస్తారో రాసే వృత్తి గడి. ఈ-శ్రమ్‌లో ప్రతి పనికీ జాతీయ వృత్తుల వర్గీకరణ ప్రకారం ఒక కోడు ఉంటుంది. తొందరలో ఉన్న ఆపరేటర్ ఏం పని అని అడగకుండా ‘వ్యవసాయ కూలీ’ అని కొట్టేస్తాడు. పదేళ్లుగా ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగు చేస్తున్న మనిషి కూడా లెక్కల్లో పొలం కూలీ అయిపోతాడు. ఈ-శ్రమ్ నంబరుతోనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్ నేషనల్ కెరీర్ సర్వీస్‌లో చేరే వీలుంది. అక్కడ వెల్డర్ కావాలని వెతికే యజమానికి వ్యవసాయ కూలీ పేరు ఎలా కనపడుతుంది? ఏ ఊళ్లో ఏ పనివాళ్లు ఎందరున్నారో ప్రభుత్వానికి తెలిసేదీ ఈ వివరాల నుంచే. కాబట్టి ప్రధాన వృత్తి, ఎన్నేళ్ల అనుభవం, అదనంగా వచ్చిన పని, చదువు, ఈ నాలుగూ మీ నోటితో చెప్పి, తెరమీద చూసి, సరిగ్గా పడ్డాకే ముందుకు వెళ్లనివ్వండి.

వేలిముద్ర విషయంలో ఇంకా జాగ్రత్త. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఏఈపీఎస్ (ఆధార్‌తో నడిచే చెల్లింపుల విధానం) ద్వారా ఖాతాలోంచి ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయొచ్చు, ఓటీపీ అక్కర్లేదు. నమోదు ఫారంలో మీ బ్యాంకు వివరాలు ఎలాగూ ఉంటాయి. ‘ముద్ర పడలేదు, ఇంకోసారి పెట్టు’ అన్నప్పుడల్లా తెరమీద ఏ పేజీ ఉందో చూడండి, వేలు తీశాక బ్యాంకు మెసేజ్ వచ్చిందేమో చూడండి. ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు, అంటే మీ వేలిముద్ర పనిచేయకుండా తాళం వేయడం. రేషన్‌కో పింఛనుకో ముద్ర కావాల్సినప్పుడు కాసేపు తీసి, పని అయ్యాక మళ్లీ వేసుకుంటే సరిపోతుంది.

సొంతంగా చేసుకోవడం పెద్ద కష్టమేం కాదు. వయసు 16 నుంచి 59 మధ్య ఉండాలి. ఆధార్, దానికి లింకైన ఫోను, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు దగ్గర పెట్టుకోండి. వెబ్‌సైటు పేరు ఈశ్రమ్ డాట్ గవ్ డాట్ ఇన్. పేరులో ఎక్కడో ‘గవ్’ ఉంటే చాలదు, మొదట్లో ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/)కు ముందు చివరన ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అనే ఉండాలి. నమోదు మీద నొక్కి ఫోను నంబరు ఇచ్చి, పీఎఫ్, ఈఎస్ఐ ప్రశ్నలకు నిజం చెప్పి, ఓటీపీ కొట్టండి. ఆధార్ ఓటీపీ ఇచ్చాక పేరు, పుట్టినతేదీ వాటంతటవే వస్తాయి. తర్వాత నామినీ, చిరునామా, చదువు, వృత్తి, బ్యాంకు. చివర్లో అంతా ఒకసారి చూసుకుని ఒప్పుకుంటే కార్డు వస్తుంది. దాన్ని ఫోన్లో దాచుకోండి, ప్లాస్టిక్ కార్డు తప్పనిసరి కాదు. సందేహం వస్తే ఈ-శ్రమ్ సహాయ నంబరు 14434కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నమోదయ్యాక ‘కెరీర్ సర్వీస్ నుంచి మాట్లాడుతున్నాం, ఉద్యోగం ఖాయమైంది, యూనిఫాంకి, ట్రైనింగ్‌కి డిపాజిట్ పంపండి’ అని ఎవరైనా కాల్ చేస్తే వెంటనే ఫోన్ పెట్టేయండి. 2015 జులై 20న మొదలైన ఆ పోర్టల్లో ఉద్యోగం వెతికేవాళ్లు దేనికీ డబ్బు కట్టక్కర్లేదు. దాని సహాయ నంబరు 1514.

ఇప్పటికే ప్యాకేజీ కొన్నవాళ్లు ఈరోజే మీ కార్డు వివరాలు తెరిచి మొబైల్ నంబరు, వృత్తి, బ్యాంకు ఖాతా మీవేనా చూసుకోండి. నంబరు వేరేవాళ్లదైతే 14434కు చెప్పి మార్పించుకోండి. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే వీలు అంత ఎక్కువ. బ్యాంకుకు రాతపూర్వకంగా 3 పనిదినాల లోపే ఫిర్యాదు ఇవ్వండి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా జరిగిన మోసానికి ఆ గడువులో చెబితే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం నష్టం మీమీద పడదు. ఫిర్యాదుకు లావాదేవీ నంబరు, తేదీ, సమయం, మొత్తం కావాలి కాబట్టి ఆ మెసేజ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి.