పాత ఈమెయిల్ ఖాతా: మూసేయడం మేలా, ఖాళీ చేసి ఉంచుకోవడం మేలా?

న్యూజెర్సీలో ఉంటున్న మా అక్క ఒక ఆదివారం ఫోన్ చేసి, "తమ్ముడూ, నా పాత యాహూ ఐడీ ఎలా తీసేయాలో కాస్త చెప్పరా" అని అడిగింది. 2003లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని డబ్బు కట్టి తెరిచిన ఖాతా అది. ఇప్పుడు ఆమె ఉత్తరాలన్నీ జీమెయిల్‌కే వస్తున్నాయి. పాతదాంట్లో ప్రకటనలు తప్ప ఏమీ లేవని, అనవసరంగా ఎందుకు ఉంచుకోవాలని ఆమె ఆలోచన. తీసేయడం రెండు నిమిషాల పని. కానీ తీసేయవచ్చా లేదా అన్నది తేల్చుకోవడానికి మా ఇద్దరికీ మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో మేము చూసినవి, తూచినవి మరొకరికి పనికివస్తాయన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

మన ముందున్న దారులు మూడు. ఖాతాను ఎలా ఉన్నదాన్ని అలా వదిలేయడం మొదటిది, పూర్తిగా మూసేయడం రెండవది, లోపలి సరుకంతా తీసేసి గట్టి తాళం వేసి మన పేరు మీదే ఉంచుకోవడం మూడవది. ఈ మూడింటినీ పోల్చేటప్పుడు చాలామంది పెట్టెలో ఉన్న ఉత్తరాల గురించే ఆలోచిస్తారు. అసలు విలువ ఉత్తరాల్లో కంటే అడ్రసులో ఎక్కువగా ఉంటుంది. ఇరవై ఏళ్లలో మనం ఎక్కడెక్కడ ఆ అడ్రసు ఇచ్చామో, అక్కడ పాస్‌వర్డ్ మరచిపోయామని నొక్కితే కొత్త తాళంచెవి వచ్చేది ఆ అడ్రసుకే. కాబట్టి మనం తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: మనం వెళ్లిపోయాక ఆ పేరు ఎవరి చేతికి వెళ్తుంది?

మొదటి దారి గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు, ఎందుకంటే మూడింటిలోకీ అదే నాసిరకం. వదిలేసిన ఖాతా అలాగే పడి ఉంటుందని అనుకోవడం పొరపాటు. పన్నెండు నెలల పాటు తెరవని యాహూ పెట్టెలోని ఉత్తరాలను సంస్థ తొలగిస్తుంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023 మే నెలలో ప్రకటించి, ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అమలు మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ ఖాతాకు కూడా రెండేళ్లలో ఒక్కసారైనా లాగిన్ కావాలన్న నియమం ఉంది. ఈ లోపల ఖాతాకు కాపలా ఉండదు. 2013లో జరిగిన చొరబాటులో అప్పటికి ఉన్న దాదాపు 300 కోట్ల ఖాతాలన్నిటి వివరాలూ బయటికి పోయాయని యాహూ 2017లో ఒప్పుకున్నది. ఆనాటి పాస్‌వర్డే ఈనాటికీ ఉన్న ఖాతాలు ఎన్నో ఉండి ఉంటాయి. దీనికి తోడు మన దేశంలో మరొక చిక్కు ఉంది. రద్దయిన మొబైల్ నంబరును 90 రోజులు దాటాక కంపెనీలు వేరొకరికి ఇవ్వవచ్చు. పాత ఖాతాకు పాత సిమ్ నంబరు జతచేసి ఉంటే, ఆ నంబరు ఇప్పుడు వాడుతున్న అపరిచితుడి ఫోన్‌కే మన ఖాతా ఓటీపీ వెళ్తుంది. అక్క ఖాతాకు జతచేసి ఉన్న నంబరు ఆమె 2008లో అమెరికా వెళ్లేటప్పుడు వదిలేసిన హైదరాబాద్ నంబరు. మేము మొట్టమొదట చేసిన పని ఆ నంబరు తీసేయడం.

ఇక పూర్తిగా మూసేయడం. శుభ్రంగా ఉంటుంది, మనసు తేలికపడుతుంది, రేపు ఆ సంస్థలో మరొక చొరబాటు జరిగినా మన ఉత్తరాలు అక్కడ ఉండవు. ఈ మంచిని తక్కువ చేయడం లేదు. అయితే మూసేశాక ఆ పేరు ఏమవుతుందన్నది సంస్థను బట్టి మారుతుంది, అసలు తూకమంతా ఇక్కడే ఉంది.

జీమెయిల్ అడ్రసును తొలగిస్తే అదే పేరును గూగుల్ ఇంకెవరికీ ఇవ్వదు. అంటే ఆ అడ్రసుకు వచ్చిన ఉత్తరం ఎవరికీ చేరదు, మన ఓటీపీలు మరొకరి పెట్టెలో పడవు. యాహూ చరిత్ర వేరు. 2013 జూన్‌లో ఆ సంస్థ పన్నెండు నెలలకు పైగా వాడని ఐడీలను ఖాళీ చేసి, కోరుకున్నవారికి కొత్తగా ఇస్తామని ప్రకటించింది. కొద్ది నెలలకే ఆ ఐడీలు పొందిన కొందరు తమకు పాత యజమానుల ఉత్తరాలు వస్తున్నాయని, వాటిలో వారి సొంత వివరాలు కూడా ఉన్నాయని బయటపెట్టారు. ఇది తమకు వచ్చిన ఉత్తరం కాదని తెలిపే బటన్‌ను యాహూ అప్పుడు చేర్చింది. ఖాతా చేతులు మారిన తరువాత పాతవారికి ఉద్దేశించిన ఉత్తరం కొత్తవారికి చేరకుండా ఫేస్‌బుక్‌తో కలిసి ఒక పద్ధతిని కూడా రూపొందించింది. కానీ ఉత్తరం పంపే సంస్థ ఆ పద్ధతిని పాటిస్తేనే అది పనిచేస్తుంది. ఎప్పుడో కొన్న చీరకు బిల్లు పంపిన చిన్న దుకాణం వెబ్‌సైటు దాన్ని పాటిస్తుందని నమ్మలేం.

ఇంతకంటే ప్రమాదకరమైనది సొంత డొమైన్ (ఈమెయిల్ అడ్రసులో @ గుర్తు తరువాత వచ్చే పేరు) మీద పెట్టుకున్న అడ్రసు. చిన్న వ్యాపారం కోసమో, పత్రిక కోసమో సొంత పేరుతో డొమైన్ కొని, తరువాత ఆ పని మానేసి, ఏటా కట్టవలసిన రుసుము ఆపేస్తాం. గడువు తీరిన ఆ డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవారు దానికి వచ్చే ఉత్తరాలన్నిటినీ, ఏ పేరుతో వచ్చినా సరే, ఒకే పెట్టెలోకి రప్పించుకోవచ్చు. ఇటువంటి డొమైన్‌ను వదిలేసే ముందు ఆ అడ్రసు ఇచ్చిన ప్రతి చోటా మార్చాలి, అది పూర్తయ్యేవరకు ఏటా డబ్బు కట్టడమే చవక.

మూసేసేవారు గూగుల్ విషయంలో మరొకటి గమనించాలి. జీమెయిల్ సేవను మాత్రమే తీసేయడం వేరు, గూగుల్ ఖాతా మొత్తాన్నే తీసేయడం వేరు. మొదటిదానిలో ఉత్తరాలు, అడ్రసు మాత్రమే పోతాయి, ఫొటోలు, డ్రైవ్ ఫైళ్లు, యూట్యూబ్ ఛానల్, ప్లే స్టోర్‌లో కొన్న యాప్‌లు వేరొక ఈమెయిల్‌తో లాగిన్ అయితే అలాగే ఉంటాయి. రెండవదానిలో అన్నీ పోతాయి. ఈ తేడా చూసుకోకుండా చివరి బటన్ నొక్కి, పిల్లల చిన్ననాటి ఫొటోలన్నీ పోగొట్టుకున్న ఒక ఆప్తురాలి బాధను నేను దగ్గర నుంచి చూశాను. తొలగించిన వెంటనే గుర్తిస్తే తిరిగి పొందే వీలు కొంత ఉంటుంది. ఆమె గుర్తించేసరికి నెలలు గడిచిపోయాయి. ముందుగా గూగుల్ వారి టేకౌట్ అనే సేవలో మొత్తం సమాచారాన్ని దింపుకుంటే ఈ భయం ఉండదు. మైక్రోసాఫ్ట్ మాత్రం మూసేయమని చెప్పాక 30 రోజులు లేదా 60 రోజులు ఆగుతుంది, ఎన్ని రోజులన్నది మనమే ఎంచుకోవచ్చు. ఆ లోపల లాగిన్ అయితే మూసివేత రద్దవుతుంది. 60 ఎంచుకోవడమే మంచిది.

మూడవ దారి, అంటే ఖాళీ చేసి ఉంచుకోవడం, చూడటానికి సగం పనిలా కనిపిస్తుంది. కానీ పేరు మన దగ్గరే ఉంటుంది, లోపల దొంగిలించడానికి ఏమీ ఉండదు. దీనికి మనం చెల్లించే మూల్యం ఏడాదికి ఒకటి రెండుసార్లు లాగిన్ కావడం. ఇదివరకు యాహూ నుంచి కొత్త అడ్రసుకు ఉత్తరాలు వాటంతట అవే వెళ్లే ఏర్పాటు ఉచితంగా ఉండేది, 2021 జనవరి నుంచి దానికి డబ్బు కట్టాలి. అందువల్ల వెళ్లి చూసుకోక తప్పదు. ఆదాయపన్ను రిటర్న్ వేసే జులై నెలను ఇందుకు గుర్తుగా పెట్టుకుంటే మరచిపోవడం ఉండదు. ఒక జాగ్రత్త: కొత్త అడ్రసు ఇదీ అని అందరికీ ఆటోమేటిక్ జవాబు పెట్టవద్దు. అది బంధువులకు ఎంత బాగా చేరుతుందో, మోసపు ఉత్తరాలు పంపేవారికీ అంతే బాగా చేరుతుంది.

ఖాళీ చేయడం అంటే ఏమిటో అక్క పెట్టె తెరిచాక అర్థమైంది. ఇన్‌బాక్స్‌లో నిజంగానే ప్రకటనలే ఉన్నాయి. సెంట్ ఫోల్డర్ తెరిచి 2006, 2007 సంవత్సరాలకు వెళ్లేసరికి ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఉద్యోగం కోసం కన్సల్టెన్సీలకు పంపిన ఉత్తరాలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్క దానికీ పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, పాన్ కార్డు, పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, సంతకం చేసిన తెల్లకాగితం స్కాన్ జతచేసి ఉన్నాయి. ఒక ఉత్తరంలో నాన్నగారి బ్యాంకు ఖాతా నంబరు, బ్రాంచి పేరు కూడా రాసి ఉంది. మనకు వచ్చినవాటి కంటే మనం పంపినవే మన గురించి ఎక్కువ చెబుతాయి. పెట్టె ఖాళీ చేసేవారు సెంట్ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టాలి, డ్రాఫ్ట్‌లు చూడాలి, ఆఖరున చెత్తబుట్టను కూడా ఖాళీ చేయాలి. ఉంచుకోవలసిన ఉత్తరాలను థండర్‌బర్డ్ వంటి ఉచిత ప్రోగ్రాంతో ఇంటి కంప్యూటర్‌లోకి దింపుకోవచ్చు.

అయితే తొలగించే ముందే, ఆ అడ్రసు ఎక్కడెక్కడ ఇచ్చామో వెతకాలి. వెల్‌కమ్, వెరిఫై, పాస్‌వర్డ్, స్టేట్‌మెంట్, పాలసీ, ఫోలియో అనే మాటలను ఆ పెట్టెలో ఒక్కొక్కటిగా ఇంగ్లిష్‌లో టైపు చేసి చూశాం. ఫోలియో (మ్యూచువల్ ఫండ్‌లో మన ఖాతా) అన్న మాటకు 2007 నాటి ఉత్తరం ఒకటి దొరికింది. అక్క తొలి ఉద్యోగంలో పన్ను ఆదా కోసం వేసిన మ్యూచువల్ ఫండ్ అది, ఆమె పూర్తిగా మరచిపోయింది. మ్యూచువల్ ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కేఫిన్‌టెక్ సంస్థల వెబ్‌సైట్లలో ఈమెయిల్ అడ్రసు ఇచ్చి మొత్తం పెట్టుబడుల స్టేట్‌మెంట్ కోరవచ్చు. ఆ అడ్రసు నమోదైన ఫోలియోల వివరాలు ఆ అడ్రసుకే వస్తాయి. ఖాతా మూసేసి ఉంటే ఆ స్టేట్‌మెంట్ చేరేందుకు పెట్టే ఉండేది కాదు. పాత అడ్రసుతో ఈ స్టేట్‌మెంట్ ఒకసారి తెప్పించుకోకుండా ఏ ఖాతానూ మూయవద్దని గట్టిగా చెబుతాను. ఆ తరువాత ఆదాయపన్ను పోర్టల్, పీఎఫ్ ఖాతా, డీమ్యాట్, బీమా, ఆధార్, రైలు టికెట్ల ఖాతా వరుసగా చూసి అడ్రసు మార్చాలి. బ్యాంకు లావాదేవీలకు మొబైల్ ఓటీపీ కూడా కావాలి కాబట్టి అడ్రసు ఒక్కటే పోయినంత మాత్రాన డబ్బు పోదు, కానీ స్టేట్‌మెంట్లు పరాయివారికి చేరడం కూడా చిన్న విషయం కాదు. కొత్త జీమెయిల్‌కు రికవరీ అడ్రసుగా, అంటే పాస్‌వర్డ్ మరచిపోతే ఖాతాను తిరిగి పొందడానికి వాడే అడ్రసుగా, ఈ పాత యాహూనే ఇచ్చి ఉండటం మేము చివరగా గమనించిన సంగతి. ముందే మూసేసి ఉంటే, కొత్త ఇంటి తాళంచెవిని పాత ఇంట్లో వదిలి వచ్చినట్టయ్యేది.

ఇన్ని చూశాక నా అభిప్రాయం ఇది. పాతది జీమెయిల్ అయితే, వెతుకులాట పూర్తయి, అన్ని చోట్లా అడ్రసు మారి, ఒక ఏడాది పాటు పనికివచ్చే ఉత్తరం ఒక్కటీ రాకపోతే, మూసేయడమే మేలు. పేరు మరొకరికి వెళ్లిన చరిత్ర ఉన్న యాహూ వంటి వాటిలో ఖాళీ చేసి ఉంచుకోవడమే మేలు. కాలేజీ, ఆఫీసు ఇచ్చిన అడ్రసు మన సొత్తు కాదు, ఏది మేలన్న ప్రశ్న అక్కడ లేదు, అక్కడ ఉండగానే సర్దుకుని బయటపడాలి. పెద్దవారి ఖాతాల విషయంలో మూసే తొందర అసలే వద్దు. వారిది గూగుల్ ఖాతా అయితే అందులో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు ఉంది. మూడు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఏదో ఒక గడువు పెట్టి, అంతకాలం ఖాతా కదలకపోతే ఎవరికి తెలియజేయాలో, ఏమేమి వారికి అందించాలో ముందే రాసి పెట్టుకోవచ్చు. పదిమంది వరకు పేర్లు ఇవ్వవచ్చు. మా అమ్మ ఖాతాలో అక్క పేరు, నా పేరు పెట్టాం.

అక్క యాహూ ఖాతా ఇప్పటికీ ఉంది. పాస్‌వర్డ్ కొత్తది, పొడవైనది, ఇంకెక్కడా వాడనిది. రెండంచెల తనిఖీకి, అంటే పాస్‌వర్డ్ తరువాత ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా అడిగే ఏర్పాటుకు, ఆమె అమెరికా నంబరు ఇచ్చాం, సెంట్ ఫోల్డర్‌లో ఒక్క ఉత్తరం కూడా లేదు. ఫోలియోలో ఈమెయిల్, బ్యాంకు వివరాలు మార్చడానికి కాగితాలు పంపింది. అవి మారినట్టు ఉత్తరం వచ్చేవరకు ఆ పెట్టెను వారానికొకసారి తెరిచి చూస్తోంది.