మా మండువా లోగిలికి మరమ్మతులు: గోడల సున్నానికి తొంభై, తలుపులకు సున్నా

అమలాపురానికి దగ్గరలోని మా ఊళ్లో మా ముత్తాత కట్టించిన మండువా లోగిలికి నిరుడు మరమ్మతులు చేయించాము. గోదావరి జిల్లాల్లో పాత ఇళ్లను బాగుచేసే ఒక చిన్న సంస్థ ఈ పని చేసింది. చివరి బిల్లు మీద వారికీ మాకూ మాట ఇంకా తెగలేదు కనుక, అది తేలకుండా పేరు పెట్టి రాయడం న్యాయం కాదని ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. అయినా ఇటువంటి పనిని ఎవరికి అప్పగించినా ఏమి అడగాలో, ఎక్కడ దగ్గర కూర్చుని చూసుకోవాలో తెలుసుకోవడానికి పేరుతో నిమిత్తం లేదు. నా లెక్కలో గోడల సున్నానికి నూటికి తొంభై మార్కులు, పైకప్పుకు అరవై, తలుపులకు సున్నా.

ముందుగా ఇంటి సంగతి. సింహద్వారం పై పట్టె మీద 1934, భావ నామ సంవత్సరం అని చెక్కి ఉంది. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, దాని చుట్టూ నాలుగు వసారాలు, వాటి వెనుక గదులు, వీధి వైపు రెండు అరుగులు, వెనుక నుయ్యి ఉన్న పెరడు. గోడలు ఒకటిన్నర అడుగు మందం, ఇటుకకు సున్నపు కట్టుబడి. స్తంభాలకూ తలుపులకూ వాడినది రంగం టేకు. ఈ కాలపు పిల్లలకు రంగం అంటే రంగూను అని విడమరచి చెప్పవలసి వస్తోంది గాని, ఒకప్పుడు ఓడెక్కి రంగం వెళ్లి నాలుగు డబ్బులు తెచ్చుకున్నవారు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామందే ఉండేవారు. వాసాలు మాత్రం మన నేల మీద చేవదేరిన తాటిచెట్లవి.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను ఈ ఇంటి పెంకులను సగానికి పైగా ఎగరగొట్టింది. మరుసటి ఏడాది మా నాన్నగారు వెనుక వైపు కప్పుకు సిమెంటు రేకులు వేయించి, లోపలి గోడలకు నడుము ఎత్తు వరకు పాత సున్నాన్ని ఊడగొట్టించి సిమెంటు పూత పూయించారు. ఆ పైన ప్లాస్టిక్ రంగు వేయించారు. ఆయనను తప్పు పట్టలేను, అప్పట్లో ఊరంతా చేసిన పనే అది. కాని ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ప్రతి వానాకాలం చివర గోడల రంగు బుడగలు బుడగలుగా లేవడం, అరచేతి వెడల్పు పెళ్లలు రాలడం, పడకగదిలో బట్టలకు ముక్కిపోయిన వాసన పట్టడం మాకు మామూలైపోయింది.

ఇల్లు చూడడానికి ముగ్గురిని పిలిచాము. మొదటి ఆయన గోడలకు నడుము ఎత్తు టైల్స్ అతికిస్తే తేమ కనిపించదన్నారు. రెండవ ఆయన ఇల్లు మొత్తం పడగొట్టి, టేకు అమ్ముకుంటే కొత్త డాబాకు పునాది ఖర్చు వస్తుందని లెక్క కట్టి చూపించారు. మూడవవారు ఈ సంస్థవారు. వారి వెంట వచ్చిన పెద్ద మేస్త్రీ, డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఎవరితోనూ మాట్లాడకుండా తాపీ పిడితో గోడను అడుగడుగునా తడుతూ గది చుట్టూ తిరిగారు. సిమెంటు పూసిన మేరా డొల్ల మోత, దానికి పైన మిగిలిన పాత సున్నం మీద గట్టి మోత. తేడా మాకు కూడా వినబడింది. ఆయన మా అమ్మ వైపు తిరిగి, “గోడకి రెయిన్‌కోటు తొడిగేశారండి అమ్మగారూ. లోపలి చెమట ఎక్కడికి పోద్దండి?” అన్నారు. పని వారికే ఇవ్వాలని అమ్మ ఆ మాట దగ్గరే తేల్చేసింది.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైన మేరకు రాస్తాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారిన నాటి నుంచి కోనసీమలో నేల పూర్తిగా ఎండే రోజులు తక్కువ. పాత ఇళ్ల పునాదుల్లో తేమను అడ్డుకునే పొర ఏదీ ఉండదు కనుక ఇటుక నేలలోని నీటిని ఒత్తి దీపం నూనెను పీల్చినట్టు పైకి పీలుస్తుంది. సున్నపు పూతకు కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఆ తేమ ఎప్పటికప్పుడు బయటికి ఇగిరిపోతుంది. సిమెంటు పూత ఆ దారిని మూసేస్తే తేమ మరింత పైకి ఎక్కుతుంది, వెంట తెచ్చిన ఉప్పు పూత వెనుకే పేరుకుంటుంది, ఆ ఉప్పు గట్టిపడి ఉబ్బే ఒత్తిడికి ఇటుక పొడి అవుతుంది. మా పడకగదిలో సిమెంటు పెళ్లను ఊడదీసినప్పుడు వెనుక ఇటుక గోటితో గీకితే రాలింది. గోడకు చౌడు పట్టిందని మనం అనేది దీన్నే.

సిమెంటంతా ఊడదీసి, చితికిన ఇటుకలు మార్చి, గోడలను దాదాపు రెండు నెలలు ఖాళీగా ఆరనిచ్చారు. ఈ విరామం గురించి ముందే చెప్పి ఉంటే మేము హైదరాబాదు నుంచి వారం వారం పరుగెత్తి వచ్చేవాళ్లం కాదు. అది సంస్థ తప్పు. అయితే ఆ రెండు నెలలను తగ్గించమని మేము ఒత్తిడి చేసినా మేస్త్రీ ఒప్పుకోకపోవడం మాత్రం మా అదృష్టం.

ఈలోగా పెరట్లో సున్నం గుంట తవ్వి, కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేశారు. అది కుతకుతలాడుతుంటే మా తమ్ముడి పిల్లలు చూడబోయారు. మేస్త్రీ వాళ్లను గట్టిగానే కసిరి లోపలికి పంపారు, కంట్లో చుక్క పడితే చూపు పోతుందట. నానిన సున్నాన్ని నీటి కిందే వారాల తరబడి ఉంచి, జల్లెడ పట్టిన గోదావరి ఇసుకతో కలిపి గానుగ పట్టారు. ఎద్దులు తిప్పే రాతి గానుగ ఇప్పుడు లేదు, ఇనుప చక్రాలు తిరిగే యంత్రం తెచ్చుకున్నారు. నీటికి బదులు కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన ఊట పోశారు. మేస్త్రీ తాపీని సున్నంలోకి గుచ్చి తీసి, దాని అంచున పలుకు ఏదైనా అంటిందేమో ఎండకు పెట్టి చూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, “ఇంకా వెన్న కాలేదండి” అని మళ్లీ యంత్రంలోకి పంపడం నేను ఒక్క ఉదయమే మూడు సార్లు చూశాను. ఆ మూడు సార్లకూ కూలీ ఆయన ఖాతాలోనిదే గాని మా ఖాతాలోది కాదు.

పూత మూడు వరుసలు. ఒక వరుస బిగిసే వరకు రెండవది వేయలేదు, ఎండలు ముదిరాక గోనెపట్టాలు తడిపి కిటికీలకు వేలాడదీశారు, ఫ్యాను వేసుకుంటామంటే వద్దన్నారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తిరిగి రాయి కావాలి, తొందరపడి ఆరితే నెర్రెలు ఇస్తుంది. లోపలి రెండు వరుసలకు రాతి సున్నం, చివరి పూతకు గుల్లలు కాల్చి తీసే గుల్ల సున్నం వాడారు. ఆ చివరి పూతను నున్నటి గులకరాయితో గంటల తరబడి రుద్దారు. ఇప్పుడు నడి వేసవి మధ్యాహ్నం ఆ గోడకు చెంప ఆనిస్తే చల్లగా తగులుతుంది. మొన్నటి వానాకాలం గడిచాక మూలమూలా వెతికాను. వంటింటి వైపు ఒక్కచోట అరచేతి మేర మచ్చ తప్ప ఎక్కడా చెమ్మ లేదు. వానలు ఆగిన పదిహేను రోజులకు ఆ మచ్చ కూడా దానంతట అదే పోయింది.

గోడల పనికి ఆ పది మార్కులు ఎందుకు తగ్గాయో కూడా చెప్పాలి. గులకరాయి మెరుపు గదుల వరకే ఇచ్చి, వసారా గోడలకు మామూలు వెల్లతో సరిపెట్టారు. అక్కడ వీపు ఆనిస్తే చొక్కాకు తెల్లగా అంటుతుంది. ఏటా సంక్రాంతికి ముందు మళ్లీ వెల్ల వేయించుకోవాలి. ఖర్చు స్వల్పమే అయినా, హైదరాబాదులో ఉండే మాకు అది ఒక బాధ్యత. ఒప్పందంలో ఈ తేడా ఎక్కడా రాసి లేదు.

ఇక పైకప్పు. మా వైపు బెంగుళూరు పెంకులని పిలిచేవి నిజానికి మంగుళూరు పెంకులు. బాసెల్ మిషన్ వారు 1865లో అక్కడ కార్ఖానా పెట్టిన తరువాత ఈ గాడి పెంకులు దేశమంతా పాకాయి. చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. పెంకులన్నీ దించి, పీచుతో కడిగి, ఒక్కొక్కదాన్ని వేలి కణుపుతో కొట్టి, ఖంగుమన్నవాటిని ఒకవైపు, బోలుగా పలికినవాటిని మరొకవైపు పేర్చారు. తక్కువపడినవాటికి కొత్త పెంకులు తెస్తే వాటి గాడి మా పాత పెంకుల గాడిలో కూర్చోలేదు. కార్ఖానా కార్ఖానాకూ అచ్చు వేరు. చివరకు రెండు ఊళ్ల అవతల పడగొడుతున్న ఒక ఇంటి నుంచి సరిపోయేవి దొరికాయి. వాటిని వెతికి పట్టుకున్నందుకు సంస్థవారిని మెచ్చుకోవాలి. చెదలు తిన్న తాటివాసాలను మాత్రమే మార్చి, గట్టివాటిని ఉంచడం కూడా మంచి నిర్ణయం.

మార్కులు పోయినది మూలల్లో. మండువా ఇంటికి నాలుగు కప్పులూ లోపలికి వాలతాయి కనుక, రెండు వాలులు కలిసే ప్రతి మూలలోనూ నీటిని దించే రేకు దోనె ఒకటి ఉండాలి, ఇంటి వాన సగం దాని మీదుగానే పోతుంది. వీరు వేసిన దోనె వెడల్పు చాలలేదు. జూలైలో మొదటి పెద్ద వానకే ఈశాన్యం మూల నీరు దోనె అంచు దాటి కొత్త సున్నం మీదుగా కారింది. ఫోను చేసిన మూడు వారాలకు మనుషులు వచ్చారు, అన్ని మూలల్లోనూ వెడల్పు దోనెలు వేశారు, డబ్బు అడగలేదు. ఆ తరువాత కారలేదు. కాని ఆ మూడు వారాలూ మా అమ్మ వసారాలో గంగాళం పెట్టుకుని కూర్చుంది.

తలుపుల విషయం రాయాలంటే ఇప్పటికీ మనసు ఒప్పడం లేదు. సింహద్వారానికి రెండు రెక్కలు, ఒక్కొక్క రెక్కకు మూడు పద్మాలు. వాటి మీద ఎప్పటిదో ఆకుపచ్చ ఎనామెల్ రంగు మూడు పొరలు పేరుకుని ఉంది. ఎడమ రెక్కను సంస్థ తరఫున వచ్చిన వడ్రంగి వేడి గాలితో రంగు మెత్తబరచి, సన్నని ఉలితో రేకు రేకూ గీసి తీశారు. దానికి ఆరు రోజులు పట్టింది. ఆ రెక్క మీద పద్మం మధ్య బొడిపెలు, రేకుల ఈనెలు కూడా బయటపడ్డాయి. నేను ఊళ్లో లేని రోజున, పని ఆలస్యమవుతోందని పర్యవేక్షకుడు కుడి రెక్కకు సానపట్టే యంత్రం పెట్టించాడు. ఒక్క పూటలో రంగు పోయింది, రంగుతో పాటు చెక్కడమూ పోయింది. ఇప్పుడు కుడివైపు పద్మాలు అరిగిన సబ్బు బిళ్లల్లా ఉన్నాయి. తొంభై ఏళ్ల కిందటి శిల్పి చేతి గుర్తు అది, ఎవరూ తిరిగి ఇవ్వలేనిది. చాలదన్నట్టు రెండు రెక్కలకూ అద్దంలా మెరిసే పాలిషు కొట్టారు. దాన్ని తీయించి అవిసె నూనె పట్టించడానికి మళ్లీ మా చేతి డబ్బే అయింది. బిల్లు మీద మాట తెగనిది ఇక్కడే.

అలంకరణకు వారి దగ్గర ఒక ప్యాకేజీ ఉంది. బొమ్మలు చూపించారు. గోడకు బండి చక్రం, మండువా నడుమ పూలు తేలే ఇత్తడి ఉరుళి, వసారాలో కడప బండలు తీసేసి ఆత్తంగుడి పలకలు. ఆత్తంగుడి పలకలు అందమైనవే. గాజు పలక మీద రంగు పోసి చేతితో చేసే ఆ పని తమిళనాడులోని చెట్టినాడు ఇళ్లలో ఎంతో నిండుగా ఉంటుంది. మా ఇంట్లో ఎన్నడూ లేని వాటిని తెచ్చి పాతదనం అనిపించడం మాకు నచ్చలేదు. బండి చక్రం మా ఇంట్లో బండికే ఉండేది. కడప బండలను కడిగి అలాగే ఉంచాము. అటక మీద ఉన్న భోషాణాన్ని దించి హాల్లో పెట్టాము, ఉయ్యాల బల్లను పాత కొక్కేలకే వేలాడదీశాము, తాతగారి పడక కుర్చీకి కొత్త గుడ్డ కుట్టించాము, గోడ గూళ్లలో మళ్లీ దీపాలు పెడుతున్నాము. ప్యాకేజీ వద్దన్నందుకు సంస్థవారు ముఖం ముడుచుకోలేదు, అది వారి మర్యాద.

కరెంటు తీగలను గోడలు చెక్కకుండా దూలాల వెంట గొట్టాల్లో తీసుకెళ్లారు, స్నానాల గదిని పెరటి వైపు విడిగా కట్టారు. రెండింటికీ వంక పెట్టనవసరం లేదు. మూడు నెలలన్న పని అయిదు నెలలు పట్టింది.

ఇటువంటి ఇల్లు ఉన్నవారు ఎవరినైనా పిలిచినప్పుడు, గోడ చూడగానే ఏ పూత వేస్తామంటారో కాదు, ఎన్నాళ్లు ఆరనిస్తామంటారో అడగండి. మూలల దోనెల వెడల్పు కాగితం మీద రాయించుకోండి. చెక్కడం ఉన్న కొయ్య దగ్గరికి యంత్రం రాకూడదని కూడా రాయించుకోండి. వచ్చే వేసవిలో మా వంటింటి గోడల పని మళ్లీ ఈ సంస్థకే, అదే మేస్త్రీ వస్తారన్న షరతు మీద ఇస్తున్నాము. పెరటి తలుపుకు కూడా మూడు పద్మాలున్నాయి. దాన్ని ఊడదీసి మా తమ్ముడి ఇంట్లో దాచి ఉంచాము.