ఓబీడీ స్కానర్ నాలుగేళ్లు వాడాక: నాకు పనికొచ్చింది కోడ్లు కాదు, లైవ్ డేటా

ఓబీడీ స్కానర్ అంటే కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని చదివే చిన్న పరికరం. కోడ్లు (లోపాన్ని సూచించే నంబర్లు) చదవడం, చెక్ ఇంజిన్ లైట్ ఆర్పడం ఏ స్కానరైనా చేస్తుంది. వాటి గురించి రాయను. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఈ చిన్న డబ్బాని నాలుగేళ్లుగా వదలకపోవడానికి కారణం దాని లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగానే సెన్సర్లు చెప్పే అంకెలు.

నాది పదహారేళ్ల పాత పెట్రోల్ కారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు హాయిగా నడిచేది. పావుగంట తిరిగి ఇంజిన్ వేడెక్కిందంటే చాలు, ఐడ్లింగ్ ఊగిపోయేది. యాక్సిలరేటర్ తొక్కితే తడబడి, తర్వాత లాగేది. వెనక పచ్చి పెట్రోల్ వాసన. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు, కోడూ లేదు. గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు, ఆఖరికి కాయిల్ కూడా మార్చారు. కొత్త ప్లగ్గులు నెలలోపే మసిబారాయి. రోడ్డు మీద ఎక్కడ ఆగిపోతుందోనని రోజూ టెన్షనే.

ఒక ఆదివారం పొద్దున, రాత్రంతా ఆగి ఉన్న బండికి స్కానర్ పెట్టి మూడు అంకెలే చూశాను: కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్, ఇంజిన్ పీల్చే గాలి టెంపరేచర్, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె). పూర్తిగా చల్లారిన ఇంజిన్‌లో మొదటి రెండూ దాదాపు ఒకటే ఉండాలి. 20, 24. పెద్ద తేడా లేదు. స్టార్ట్ చేశాను. కూలెంట్ 30, 40, 50 దాటి 54 దగ్గర ఆగిపోయింది. ఇరవై నిమిషాలైనా 54 డిగ్రీలే! కానీ రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి. నా బండిలో డ్యాష్‌బోర్డు ముల్లుకి వేరే సెన్సర్ ఉంది కాబట్టి అది మామూలుగానే చూపిస్తోంది. ట్రిమ్ మాత్రం మైనస్ 20 దాటింది. అటూ ఇటూ 10 లోపు ఉండాల్సింది. ఇంజిన్ ఇంకా కాగలేదనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తోంది, పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ పెట్రోల్ ఎక్కువైందని చెబితే మళ్లీ తగ్గిస్తోంది. కంప్యూటర్‌కి 54 అనేది నమ్మదగ్గ అంకే కాబట్టి కోడ్ పడలేదు. రెండు నెలల బాధకి అంకె రూపంలో జవాబు దొరికినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఊపులో ఇది ఉంటే మెకానిక్ అక్కర్లేదని చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. కొత్త కూలెంట్ సెన్సర్ వేసినా 54 మారలేదు. చివరికి తప్పు పట్టిచ్చింది నిరోధకత కొలిచే మల్టీమీటర్: కనెక్టర్ పిన్నుకి పచ్చగా చిలుము పట్టి, దారిలో అయిదారు వందల ఓమ్‌ల అడ్డు చేరింది. ఆ సెన్సర్ నిరోధకత చల్లగా ఉంటే రెండు వేల ఓమ్‌ల పైన, బాగా వేడెక్కితే రెండు మూడు వందలే; కంప్యూటర్ దాన్ని బట్టే టెంపరేచర్ లెక్కేస్తుంది. అందుకే పొద్దున ఆ అడ్డు పెద్దగా తేడా చూపలేదు, వేడెక్కాక అంతా తారుమారు చేసింది. పిన్నులు గీకి శుభ్రం చేస్తే రీడింగ్ 89కి వచ్చింది, ట్రిమ్ మైనస్ 3.

స్కానర్ సెన్సర్ చెప్పిన మాటనే చూపిస్తుంది. తప్పు సెన్సర్‌లోనా వైరులోనా అన్నది మనమే వెతకాలి. ఫ్యూయల్ ప్రెషర్ కూడా నా బండిలో చూపించదు. రెండు వారాలు తీయకుండా వదిలేస్తే ఓసారి బ్యాటరీ దిగిపోయింది. అప్పటి నుంచి పని కాగానే తీసేస్తున్నాను.

నాకు ఇంటి దగ్గర బండి నిలుపుకునే చోటు, ఆదివారం ఖాళీ, పక్కన మల్టీమీటర్ ఉన్నాయి కాబట్టి ఇది అక్కరకొచ్చింది. వారంటీలో ఉన్న కారుకైతే నేను కొనేవాణ్ణి కాదేమో.