కొత్త కారులో తడి: రెండేళ్ళ వాడకం తర్వాత

2024 ఫిబ్రవరిలో కొన్నాం. ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజను, మైలేజీ, ఫీచర్ల గురించి కొనాలనుకునేవాళ్ళందరికీ ఇప్పటికే తెలుసు కాబట్టి ఆ జోలికి వెళ్ళను. నేను రాయాలనుకున్నది ఒక్కటే, ముందు ఎడమ సీటు దగ్గర కాళ్ళ కింద తడి గురించి. పద్నాలుగు లక్షలు పోసి కొన్న బండి మొదటి వానాకాలమే లోపల తడిసింది. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టడానికి నాలుగు నెలలు, ఐదు జాబ్ కార్డులు (బండి సర్వీసుకిచ్చిన ప్రతిసారీ సమస్య రాసిచ్చే కాగితాలు) పట్టాయి.

జులైలో తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వచ్చేది. వాటర్ వాష్ చేయించినప్పటి తడి ఆరలేదేమో అనుకుని వదిలేశాను. ఆగస్టులో, శ్రావణమాసం పెళ్ళికి విజయవాడ నుంచి తెనాలి బయల్దేరాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ముందు సీట్లో కూర్చుంది. కనకదుర్గమ్మ వారధి దాటామో లేదో, "ఒరే, కింద నీళ్ళున్నాయేంట్రా?" అంది. వాటర్ బాటిల్ ఒలికిందనుకున్నాను. తెనాలిలో దిగాక చూస్తే అమ్మ పట్టుచీర అంచు జానెడు మేర తడిసిపోయింది. మ్యాట్ ఎత్తి కార్పెట్ మీద చెయ్యి పెట్టి నొక్కితే వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు పైకి ఉబికాయి. రాత్రంతా వాన పడిందనే సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మొదటిసారి సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయిందన్నారు, శుభ్రం చేసి పంపారు. ఇది నమ్మదగ్గ మాటే. ఏసీ నీళ్ళు బండి కిందకి పోవాలి, ఆ పైపు మూసుకుపోతే చాలా కార్లలో సరిగ్గా అక్కడే కారతాయి. కానీ పది రోజులకి మళ్ళీ తడి. ఈసారి నేనే ఒక పని చేశాను. రెండు రోజులు ఏసీ వెయ్యకుండా, బండి బయటికి తీయకుండా, మ్యాట్ కింద పాత పేపర్లు పరిచి ఉంచాను. రెండో రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే పేపర్ ఒక మూలే తడిసింది, డ్యాష్‌బోర్డు కింద ఎడమ మూల. అంటే ఏసీ కాదు, పై నుంచి వచ్చే నీళ్ళే. ఫోటోలు తీసి చూపిస్తే రెండో జాబ్ కార్డులో తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మార్చారు.

ఇక మూడోసారి జరిగింది ఇప్పటికీ మింగుడుపడదు. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ఆ తర్వాత వారాల్లో వర్క్‌షాపుల నిండా నీళ్ళలో మునిగిన బండ్లే. మేముండేది పటమటలో, మా వీధిలోకి బుడమేరు నీళ్ళు రాలేదు. అయినా సర్వీస్ అడ్వైజర్ కార్పెట్ చూసి, "సార్, ఇది ఫ్లడ్ వాటర్. వారంటీలో రాదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టుకోండి" అన్నాడు. ఆగస్టులో ఇచ్చిన రెండు జాబ్ కార్డులు ముందు పెట్టాను. "అది వేరే సమస్య అయ్యుండొచ్చు సార్" అన్నాడు. వరదలో సర్వం పోగొట్టుకున్నవాళ్ళు పక్క కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళ కష్టం పేరు చెప్పి తన పని తప్పించుకోవడం నాకు చాలా బాధగా అనిపించింది.

లాయరుగా చేస్తున్న మా స్నేహితుడు ఆ రాత్రి ఒక మంచి మాట చెప్పాడు. క్లెయిమ్ ఫారమ్ మీద సంతకం పెడితే అది వరద నష్టమని నువ్వే ఒప్పుకున్నట్టు, రేపు ఎక్కడికెళ్ళినా ఆ కాగితమే నీకు అడ్డం వస్తుంది అన్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకి రెండేళ్ళ గడువుంది. నా బండి ధరకి జిల్లా కమిషన్లో ఫీజు 400 రూపాయలే. కానీ లోపం తయారీలోనిదే అని తేల్చాలంటే సాధారణంగా నిపుణుల నివేదిక కావాలి, కమిషన్ బండిని పరీక్షకి పంపవచ్చు. అది తేలేదాకా కార్పెట్ కుళ్ళుతూనే ఉంటుంది. అందుకే కేసు చివరికి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అప్పటి నుంచి జాబ్ కార్డులో సమస్యని నా మాటల్లోనే రాయమని పట్టుబట్టాను. మొదటి కార్డులో వాళ్ళు రాసింది "ఏసీ వాటర్ లీకేజ్" అని, నేను చెప్పింది "కాళ్ళ కింద తడి" అని. ఆ రెండు మాటల మధ్యే నెల రోజులు పోయాయి.

నాలుగోసారి షవర్ టెస్ట్ చేశారు. పది నిమిషాలు బండి మీద నీళ్ళు కొట్టారు, లోపల చుక్క రాలేదు. కార్డు మీద "నో ప్రాబ్లమ్ ఫౌండ్" అని రాసిచ్చారు. ఇంటికొచ్చాక ఆ వారంలోనే మళ్ళీ తడి. మా ఆవిడ, "అమ్మేద్దామండీ" అంది. నిజానికి నేనూ అదే ఆలోచనలో ఉన్నాను.

నవంబరులో కంపెనీ ఏరియా మేనేజరు గుంటూరు వర్క్‌షాపుకి తీసుకెళ్ళమన్నాడు. అక్కడ పాతికేళ్ళు కూడా నిండని టెక్నీషియన్ కుర్రాడొకడు కార్డులన్నీ వరసగా చదివాడు. నీళ్ళూ కొట్టలేదు, ఏదీ విప్పలేదు. "ఇంటి దగ్గర బండి ఎలా పెడతారు సార్?" అని అడిగాడు. నాలుగు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో మాకు చోటు లేదు, వీధిలో కానుగ చెట్టు కింద పెడతాం. రోడ్డు కాలువ వైపు వాలి ఉంటుంది, బండి ముక్కు కిందకి ఉంటుంది. అది చెప్పగానే ముందు చక్రాలు పల్లంలో ఉండేలా బండిని ర్యాంప్ మీద పెట్టించాడు. సన్‌రూఫ్ (పైకప్పులో తెరుచుకునే అద్దం) తెరిచి, ముందు ఎడమ మూల ఉన్న గాడిలో వాటర్ బాటిల్‌తో సన్నగా నీళ్ళు పోశాడు. నన్ను లోపల కూర్చుని చెయ్యి కింద పెట్టమన్నాడు. అర నిమిషంలో వేళ్ళ మీద చల్లగా చుక్క పడింది.

సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపాల్సిన పనీ లేదు. లోపలికి దిగిన నీళ్ళు చుట్టూ ఉన్న గాడిలో చేరి, మూలల్లోని సన్నటి ట్యూబుల గుండా కిందకి పోవాలి. ముందు ట్యూబులు కారు ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే పిల్లర్ల లోపల నుంచి దిగుతాయి. పిల్లర్ తొడుగు విప్పితే మా ఎడమ ట్యూబు పై మూతి నుంచి ఊడిపోయి గాల్లో వేలాడుతోంది. ఫ్యాక్టరీలోనే సరిగా ఎక్కినట్టు లేదన్నాడు. బండి సమంగా ఉంటే నీళ్ళు వెనక ట్యూబుల నుంచి పోయేవి, ముక్కు వాలితేనే ముందుకొచ్చేవి. షవర్ టెస్టులో ఏమీ కనిపించకపోవడానికి కారణం అదే. ట్యూబు ఎక్కించి క్లిప్ బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కార్పెట్, కింద ఫోమ్ మార్పించుకోవడానికి మాత్రం మరో మూడు వారాలు ఫోన్లు చేయాల్సి వచ్చింది.

2025 అక్టోబరులో మొంథా తుఫానుకి రాత్రంతా కురిసింది. పొద్దున్నే వెళ్ళి మ్యాట్ ఎత్తి చూశాను. పొడిగా ఉంది.

ఇదే పని ఇంట్లో చేసుకుందామనుకునేవాళ్ళకి ఒక మాట. చాలా కార్లలో ఆ పిల్లర్ వెంబడి కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, తొడుగు మాత్రం విప్పొద్దు. డ్రెయిన్ రంధ్రాల్లోకి గట్టిగా గాలి కూడా కొట్టించొద్దు, బాగున్న ట్యూబు ఊడొచ్చు. మొన్న సర్వీసులో ఒకతను గాలి కొట్టే గన్ పట్టుకొస్తే ఆపేశాను.

కొన్న కొత్తలో సన్‌రూఫ్ గురించి మా బంధువులందరికీ గొప్పగా చెప్పాను. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రాలు వెళ్తుంటే మా అమ్మాయి వెనక్కి వాలి ఆకాశం చూస్తుంది, అది ఇప్పటికీ నాకు ఇష్టమే. కానీ ఎండాకాలం కానుగ పూత రాలి ఆ గాడిలో నిండుతుంది, వారానికోసారి బ్రష్‌తో తీయాలి. మళ్ళీ కొనాల్సి వస్తే, వీధిలో చెట్టు కింద పెట్టే నాలాంటివాడిగా సన్‌రూఫ్ లేని వేరియంటే తీసుకుంటాను. సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్ళకి ఈ ఇబ్బంది అసలు తెలియకపోవచ్చు, వాళ్ళకి ఈ బండి వద్దని చెప్పలేను.

వారంటీ వచ్చే ఫిబ్రవరి దాకా ఉంది. ఇంకో రెండేళ్ళు పొడిగించుకోవాలా, ఈలోపే అమ్మేయాలా అన్నది ఈ వానాకాలం చూశాక తేల్చుకుంటాం. గుంటూరులో ఆ కుర్రాడు అక్కడే ఉంటే మాత్రం సర్వీసు అక్కడే చేయిస్తాను.