ఏసీ గదిలో చేపలకి 50 వాట్ల హీటర్: రెండేళ్ళు వాడాక

"వైజాగ్‌లో హీటరేటి సార్? ఈ ఉక్కకి చేపలకి ఫ్యాన్ పెట్టాలి గానీ" అని నవ్వేశాడు గాజువాకలో షాపతను. ఆయన తప్పేం లేదు, ఇక్కడి డిసెంబరు చలి మంచు టోపీకి కూడా చాలదు. మా చిక్కంతా మే నెలతో.

ట్యాంకు కూర్మన్నపాలెంలో మా అమ్మాయి గదిలో ఉంటుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. రాళ్ళూ రప్పా పోను 50 లీటర్ల నీళ్ళు. నాలుగు ఏంజెల్ చేపలు, గుప్పెడు నియాన్ టెట్రా చేపలు. ఎండాకాలం సాయంత్రానికి నీళ్ళు 31 డిగ్రీలుంటాయి. మా అమ్మాయి ఏసీ 22లో పెట్టుకుని ముసుగుతన్నిందంటే తెల్లారేసరికి 26కి దిగుతాయి. ఇదే వరస రోజూ. 26 అయినా 30 అయినా ఏంజెల్ బతుకుతుంది, ఈ ఎక్కడం దిగడమే దానికి పడదు. ఓ వారానికి రెక్కల మీద ఉప్పు రాలినట్టు తెల్లచుక్కల జబ్బు.

రాత్రి నీళ్ళు చల్లబడకుండా ఉంటాయని 100 వాట్ల హీటర్ తెచ్చాను. పెద్దదైతే మంచిదే కదా అనుకున్నాను, బుద్ధి తక్కువై. జనవరిలో ఓ సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి ఇంటికొచ్చేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నాబ్ 26 మీదే ఉంది, నీళ్ళు 34. లోపల వేడి చాలనగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ అతుక్కుపోయి ఎర్రలైటు ఆరనే లేదు. రెండు ఏంజెల్స్ పోయాయి. స్టీల్ ప్లాంటులో 1,500 డిగ్రీల దగ్గర కొలతలు చూసే ఇన్‌స్ట్రుమెంటేషన్ వాణ్ణి, ఇంట్లో వంద రూపాయల థర్మామీటర్ ముందే కొనలేకపోయాను.

ఇప్పుడు వాడేది 50 వాట్లది, గాజు గొట్టం, పూర్తిగా నీళ్ళలో మునిగే రకం. 850 పెట్టాను. నా ట్యాంకులో ఇది ఆగకుండా వెలిగినా గది కన్నా ఓ ఏడు డిగ్రీలు పైకి తీసుకెళ్తుంది, అంతే. అంటే రేపు ఇదీ అతుక్కుపోయినా ఏసీ గదిలో 29 దాటదు. చేప బతికే ఉంటుంది. నేను చిన్నది కొన్నది ఇందుకే. పగలు ఏసీ ఉండదు కాబట్టి మేలో పొద్దున్నే స్విచ్ తీసేస్తాం.

ఈసారి నేరుగా ట్యాంకులో వెయ్యలేదు. రెండ్రోజులు బకెట్టులో పెట్టి, పక్కన థర్మామీటర్ వేలాడదీసి చూశాను. నాబ్ 26 అంటే లైటు 28 దగ్గర ఆరింది, 27కి మళ్ళీ వెలిగింది. నాబ్ కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుతూ, 27లో ఆరే చోట మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను. రెండేళ్ళయినా చుక్క చెరగలేదు, అంకె మాత్రం అబద్ధమే చెబుతోంది.

ఫిల్టర్ నీళ్ళు తోసే చోట ఏటవాలుగా బిగించాను. మూలన నిలబెడితే దాని చుట్టూ నీళ్ళే వేడెక్కి, మిగతా ట్యాంకు చల్లగా ఉండిపోతుంది. నీళ్ళు మార్చేటప్పుడు ప్లగ్గు పీకి పావుగంట ఆగాకే మగ్గు ముంచాలి. కాలుతున్న గాజు బయటపడి, దాని మీద చన్నీళ్ళు పడ్డాయో, పగిలి ఊరుకుంటుంది. వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెళ్ళాలి, లేకపోతే నీటి చుక్క తిన్నగా ప్లగ్గులోకే.

లోపాలూ ఉన్నాయి. హీటర్‌ని ట్యాంకు గోడకి పట్టి ఉంచే రబ్బరు కప్పులు ఎనిమిది నెలలకే గట్టిపడి ఊడిపోయాయి. విడిగా కొని మార్చాను. వైరు మరీ పొట్టి. మా బోరు నీళ్ళకి గొట్టం మీద తెల్లటి పొర కడుతుంది, నెలకోసారి బయటికి తీసి నిమ్మచెక్కతో రుద్దాల్సిందే.

"ఓ పక్క చల్లబెట్టడం, ఇంకో పక్క వేడెక్కించడం, ఇదేం సోకండీ" అని మా ఆవిడ సణుగుడు. రాత్రికి పావు యూనిట్టు కూడా కాదే, నెలంతా కలిపినా ఏసీ తాగే ఒకటి రెండు రాత్రుల కరెంటే అని లెక్క కట్టి చూపించాను.

"అయితే ఏసీయే తీసేయండి" అంది.